శక్తి వ్యాప్తి ఎక్కువున్న బీమ్‌ను ట్రాకింగ్ సాఫ్ట్‌వేర్‌లో నడిపించే పద్ధతి

యాక్సిలరేటర్‌లో కణాలు ఏ దారిన పోతాయో లెక్కగట్టే ట్రాకింగ్ ప్రోగ్రాములు చాలావరకు ఒకే ఊహ మీద నిలబడి ఉంటాయి. మధ్యలో ఒక రిఫరెన్స్ కణం, మిగతా కణాలన్నీ దానికి అతి దగ్గరలో. ఎలక్ట్రాన్ స్టోరేజ్ రింగ్‌లో శక్తి వ్యాప్తి (కణాల శక్తుల మధ్య తేడా) 0.1 శాతం చుట్టుపక్కల ఉంటుంది కాబట్టి అక్కడ ఈ ఊహకు ఢోకా లేదు. లేజర్ ప్లాస్మా నుంచి వచ్చే ఎలక్ట్రాన్లకు, టార్గెట్ వెనక పోగుచేసే పాజిట్రాన్లకు, అయనీకరణతో చల్లబరిచే మ్యూయాన్లకు, సెర్న్ ప్రతిపాదించిన క్లిక్ కొలైడర్ డిజైన్‌లో 2.4 గిగా ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర మొదలై 90 శాతం దాకా శక్తి కోల్పోయే డ్రైవ్ బీమ్‌కు మాత్రం అది చెల్లదు. చెల్లనప్పుడు ప్రోగ్రామ్ ఆగిపోదు, హెచ్చరించదు. మామూలుగానే నడిచి, చక్కటి గ్రాఫులు గీసి, తప్పు సంఖ్యలు ఇస్తుంది. అందుకే ఈ పనిలో ఎక్కువ సమయం బీమ్‌ను నడపడానికి కాదు, ప్రోగ్రామ్ ఏ సమీకరణాన్ని ఎక్కడ కత్తిరిస్తోందో పట్టుకోవడానికి పెట్టాలి.

ఎంతైతే ఎక్కువ?

రిఫరెన్స్ ద్రవ్యవేగం నుంచి కణం ద్రవ్యవేగం ఎంత తేడాగా ఉందో, ఆ తేడాను రిఫరెన్స్‌తో భాగిస్తే వచ్చేది డెల్టా. బీమ్‌ను ఫోకస్ చేసే నాలుగు ధ్రువాల అయస్కాంతమైన క్వాడ్రుపోల్ ఒక కణాన్ని ఎంత వంచుతుందన్నది 1/(1+డెల్టా)కు అనుపాతంలో ఉంటుంది. రెండో ఆర్డర్ మాట్రిక్స్, అంటే కోఆర్డినేట్ల రెండో ఘాతం దాకానే ఉంచుకునే లెక్క, దీన్ని 1−డెల్టా అని రాసుకుంటుంది. ఈ రెంటి నిష్పత్తి కచ్చితంగా 1−డెల్టా². కాబట్టి పలుచని క్వాడ్రుపోల్‌లో రెండో ఆర్డర్ చేసే తప్పు డెల్టా 0.02 దగ్గర 0.04 శాతం, 0.1 దగ్గర 1 శాతం, 0.2 దగ్గర 4 శాతం, 0.5 దగ్గర 25 శాతం. మూడో ఆర్డర్‌కు వెళితే తప్పు డెల్టా ఘనం అవుతుంది. అంటే 0.2 దగ్గర 0.8 శాతానికి దిగుతుంది గానీ 0.5 దగ్గర ఇంకా 12.5 శాతం ఉంటుంది.

ఇది ఒక్క క్వాడ్రుపోల్ లెక్క. ఇరవై క్వాడ్రుపోల్‌ల లైన్‌లో ఈ తప్పులు ఫేజ్ తప్పులుగా పోగుపడతాయి. లైన్ చిన్నదైతే డెల్టా 2 శాతం దాకా రెండో ఆర్డర్ సరిపోతుంది. 5 శాతం దాటిందంటే మాట్రిక్స్ పద్ధతిని వదిలేయాలి. ఇక్కడ చూడాల్సింది బీమ్ ఆర్‌ఎంఎస్ (వర్గసగటు మూలం) వ్యాప్తిని కాదు, మీరు చివరిదాకా నిలబెట్టుకోవాలనుకునే అంచు కణం డెల్టాను. ఆర్‌ఎంఎస్ 3 శాతమైన గాసియన్ బీమ్‌లో మూడు సిగ్మాల దగ్గరి కణానికి డెల్టా 9 శాతం.

మందమైన క్వాడ్రుపోల్‌లో పరిస్థితి ఇంకా అధ్వాన్నం. ఉదాహరణకు సాధారణీకరించిన బలం 4, పొడవు 0.5 మీటర్లు అనుకోండి. రిఫరెన్స్ కణానికి మాట్రిక్స్ మొదటి మూలకం కొసైన్ 1 రేడియన్, అంటే 0.540. డెల్టా −0.5 ఉన్న కణానికి సరైన విలువ కొసైన్ 1.414, అంటే 0.156. రెండో ఆర్డర్ చెప్పేది 0.330, రెట్టింపు పైమాటే. తక్కువ శక్తి కణాల వైపే తప్పు ఎప్పుడూ ముందుగా బయటపడుతుంది.

ఏ డెల్టా, ఏ కోణం

రెండు ప్రోగ్రాముల ఫలితాలు కలవకపోతే ముందుగా అనుమానించాల్సింది కోఆర్డినేట్లను, అంటే ఒక్కో కణాన్ని వర్ణించే ఆరు సంఖ్యలను. ఎలిగెంట్ అనే ప్రోగ్రామ్‌లో ఆరో కోఆర్డినేట్ ద్రవ్యవేగపు డెల్టా. కోణాలేమో ఎక్స్ ప్రైమ్, వై ప్రైమ్ అనే వాలులు. మ్యాడ్-ఎక్స్‌లో ఆరోది పీటీ, అంటే శక్తి తేడాను రిఫరెన్స్ ద్రవ్యవేగం, కాంతివేగం లబ్ధంతో భాగించగా వచ్చేది. కోణాల చోట ఉండేది పీఎక్స్, పీవై. ఇవి అడ్డ ద్రవ్యవేగాన్ని రిఫరెన్స్ ద్రవ్యవేగంతో భాగించిన విలువలు. బీమాడ్‌లో అడ్డ దిశ మ్యాడ్ తరహాలోనే ఉంటుంది గానీ ఆరోది ద్రవ్యవేగపు డెల్టా.

వాలుకూ పీఎక్స్‌కూ మధ్య (1+డెల్టా) గుణకం ఉంటుంది. డెల్టా 0.001 ఉన్న బీమ్‌లో దీన్ని మరిచిపోయినా ఎవరికీ కనబడదు. డెల్టా −0.5 ఉన్న కణాన్ని మార్చకుండా ఒక ప్రోగ్రామ్ నుంచి ఇంకోదానికి పంపితే కోణం సరిగ్గా రెండు రెట్లు తప్పుతుంది. మార్పిడి సూత్రం: పీఎక్స్ = (1+డెల్టా) × ఎక్స్ ప్రైమ్ / √(1 + ఎక్స్ ప్రైమ్² + వై ప్రైమ్²). కోణాలు చిన్నవైనా ఈ సూత్రాన్ని పూర్తిగానే వాడండి. కలిసొచ్చే లెక్క ఏమీ ఉండదు, పోయే కచ్చితత్వం మాత్రం ఉంటుంది.

ప్రోటాన్లు, అయాన్లు నడిపేవాళ్లకు ఇంకో చిక్కు ఉంది. 100 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల గతిశక్తి ఉన్న ప్రోటాన్ బీమ్‌లో గతిశక్తి వ్యాప్తి 10 శాతమైతే, మొత్తం శక్తితో పోల్చినప్పుడు అది 0.96 శాతం, ద్రవ్యవేగంలో 5.25 శాతం. ఒకే బీమ్‌కు మూడు సంఖ్యలు! అయస్కాంతాలు స్పందించేది ద్రవ్యవేగానికే. బీమ్ వివరాలు ఇచ్చినవాళ్లు ఏ వ్యాప్తి చెబుతున్నారో రాతలో ఖాయం చేసుకుని, ఫైల్ తయారుచేసేముందు దాన్ని ద్రవ్యవేగంలోకి మార్చుకోండి. మ్యాడ్-ఎక్స్ ఇచ్చే డిస్పర్షన్ (శక్తి తేడాతో పథం ఎంత జరుగుతుందో), క్రోమాటిసిటీ (శక్తి తేడాతో ఫోకసింగ్ ఫేజ్ ఎంత మారుతుందో) పీటీ మీద తీసిన అవకలనాలు. తక్కువ వేగపు బీమ్‌లో వాటిని రిలేటివిస్టిక్ బీటాతో (వేగం/కాంతివేగం) గుణిస్తేనే మామూలు అర్థంలోని విలువలు వస్తాయి.

లైన్ నడిపేముందు రెండు పరీక్షలు

అసలు లాటిస్‌ను (లైన్‌లోని అయస్కాంతాల వరసను) ముట్టుకోకముందే ఈ రెంటినీ చేయాలి. రెంటికీ జవాబు కాగితం మీద కచ్చితంగా తెలుసు కాబట్టి ప్రోగ్రామ్‌కు తప్పించుకునే దారి ఉండదు.

మొదటిది డైపోల్ పరీక్ష. ఒకే ఒక సెక్టార్ డైపోల్ (బీమ్‌ను వంచే అయస్కాంతం) పెట్టండి: వ్యాసార్ధం 1 మీటరు, వంపు 90 డిగ్రీలు, ఏకరీతి క్షేత్రం, అంచు దాటి చిందే ఫ్రింజ్ క్షేత్రం లేదు. రిఫరెన్స్ అక్షం మీద, సున్నా కోణంతో, వేర్వేరు డెల్టాలతో కణాలను పంపండి. ప్రతి కణమూ (1+డెల్టా) వ్యాసార్ధమున్న వృత్తం మీద పోతుంది. జ్యామితి వేస్తే బయటి ముఖం దగ్గర దాని స్థానం √(1+2డెల్టా) − 1 మీటర్లు, వాలు డెల్టా/√(1+2డెల్టా), పీఎక్స్ కచ్చితంగా డెల్టా.

డెల్టా 0.2 పెడితే స్థానం 0.1832 మీటర్లు రావాలి. మీ ప్రోగ్రామ్ 0.2000 ఇస్తే అది మొదటి ఆర్డర్‌లో నడుస్తోంది, 0.1800 ఇస్తే రెండో ఆర్డర్, 0.1840 ఇస్తే మూడో ఆర్డర్. ఏ ఆర్డర్ దగ్గర కత్తిరిస్తోందో అంకెలే చెప్పేస్తాయి. కోణం గడిలో 0.2 కనిపిస్తే అది పీఎక్స్, 0.169 కనిపిస్తే వాలు. కోఆర్డినేట్ల సందేహం కూడా ఇక్కడే తీరుతుంది. డెల్టా −0.3కు సరైన జవాబు −0.3675, రెండో ఆర్డర్ −0.345 అంటుంది. చివరగా డెల్టా −0.55 పెట్టి చూడండి. సూత్రంలో వర్గమూలం కింద రుణసంఖ్య వస్తుంది. దానికి భౌతికార్థం ఉంది: డెల్టా −0.5 కన్నా తక్కువైన కణం బయటి ముఖాన్ని ఎప్పటికీ చేరదు, అయస్కాంతంలోనే తిరిగి వెనక్కి వస్తుంది. మంచి ప్రోగ్రామ్ ఆ కణాన్ని పోయినట్టు లెక్కకడుతుంది. మాట్రిక్స్ ప్రోగ్రామ్ మాత్రం రెండో ఆర్డర్‌లో −0.701 మీటర్ల దగ్గర బయటికి తెచ్చి నిలబెడుతుంది, ఏమీ జరగనట్టు.

రెండోది ఫోడో పరీక్ష. ఫోకస్ చేసేదీ డీఫోకస్ చేసేదీ మార్చి మార్చి పెట్టిన పలుచని క్వాడ్రుపోల్‌లతో, డెల్టా సున్నా కణానికి ఫేజ్ అడ్వాన్స్ (ఒక సెల్‌లో కణం ఊగే కోణం) 90 డిగ్రీలు వచ్చేలా ఒక సెల్ కట్టి, దాన్ని వంద సెల్‌ల లైన్‌గా పేర్చండి. మ్యూ అంటే సెల్‌కు ఫేజ్ అడ్వాన్స్ అయితే, సైన్ (మ్యూ/2) = 0.7071/(1+డెల్టా). దీని ప్రకారం డెల్టా +0.2కు ఫేజ్ 72.2 డిగ్రీలు, +0.1కు 80.0, −0.1కు 103.6, −0.2కు 124.2. క్రోమాటిసిటీ సంఖ్య పట్టుకుని సరళరేఖలో సాగదీస్తే −0.2 దగ్గర 112.9 అనిపిస్తుంది, ఒక్కో సెల్‌కు 11 డిగ్రీల తేడా. డెల్టా −0.293 దగ్గర సైన్ విలువ 1కి చేరుతుంది, అంతకన్నా తక్కువ శక్తి కణాలకు స్థిరత్వమే లేదు. ఆ గీతకు అటూ ఇటూ −0.28, −0.30 డెల్టాలతో రెండు కణాలను పంపండి. ఒకటి వంద సెల్‌లూ పరిమితిలోనే ఊగుతూ పోవాలి, రెండోది ఘాతంలో పెరిగి పారిపోవాలి. రెండూ ఒకేలా ప్రవర్తిస్తే ప్రోగ్రామ్ క్వాడ్రుపోల్‌ను సరిగా చూడటం లేదు. స్థిరత్వం ఈ గీత దగ్గరే పోతుంది కాబట్టి పెద్ద వ్యాప్తి బీమ్‌కు 60 డిగ్రీల సెల్ మేలు; అక్కడ గీత −0.5కు జరుగుతుంది.

ఎలిమెంట్ల మోడల్ మార్చడం

ఎలిగెంట్‌లో రన్ సెటప్‌లోని డిఫాల్ట్ ఆర్డర్ 2. ఊరికే క్వాడ్, ఎస్‌బెండ్, డ్రిఫ్ట్ అని రాస్తే మాట్రిక్స్‌తోనే నడుస్తాయి. క్వాడ్ బదులు కేక్వాడ్, ఎస్‌బెండ్ బదులు సీఎస్‌బెండ్, డ్రిఫ్ట్ బదులు ఈడ్రిఫ్ట్ పెట్టండి. లాటిస్ ఫైల్‌ను చేత్తో దిద్దనవసరం లేదు, ట్రాన్స్‌మ్యూట్ ఎలిమెంట్స్ కమాండ్‌తో ఒక రకాన్నంతా ఇంకో రకంలోకి మార్చవచ్చు. అది రన్ సెటప్‌కు ముందు రావాలి, తర్వాత పెడితే పని జరగదు. మాట్రిక్స్‌లను కలిపేసే కాంకాట్ ఆర్డర్‌ను సున్నా దగ్గరే ఉంచండి. ఇంకొకరి ఇన్‌పుట్ ఫైల్ తెచ్చుకున్నప్పుడు ముందు చూడాల్సిన గడి ఇదే.

మ్యాడ్-ఎక్స్‌లో పెద్ద డెల్టాకు ట్విస్ కమాండ్ ఆప్టిక్స్ మీద ఆధారపడకండి. దాంట్లోనే ఉన్న పీటీసీ అనే ట్రాకింగ్ భాగంతో లేఅవుట్ కట్టి, ఎగ్జాక్ట్ ఆప్షన్‌ను ట్రూ చేసి, మెథడ్ 6, ముక్కలు కనీసం పదితో మొదలుపెట్టండి. పీటీసీలో టైమ్ ఆప్షన్ ట్రూ అయితే కోఆర్డినేట్ పీటీ, ఫాల్స్ అయితే డెల్టా. ఈ ఒక్క మీట తెలియక గంటలు పోతాయి. ఎక్స్‌సూట్‌లో డ్రిఫ్ట్‌కు విస్తరణ మోడల్, ఎగ్జాక్ట్ మోడల్ రెండూ ఉన్నాయి. విస్తరణ మోడల్ కత్తిరించేది కోణాన్ని, డెల్టాను కాదు. అయినా టార్గెట్ నుంచి వచ్చే విశాలమైన కోణాల బీమ్‌కు ఎగ్జాక్టే పెట్టాలి. బెండ్‌కు కోర్, ఎడ్జ్ రెంటినీ ఫుల్ చేయండి. ఎడ్జ్‌ను లీనియర్‌గా వదిలేస్తే అక్షానికి దూరంగా, ఏటవాలుగా ప్రవేశించే కణాలకు నిలువు ఫోకసింగ్ తప్పుతుంది.

సెక్స్‌టుపోల్‌లతో (ఆరు ధ్రువాల అయస్కాంతాలతో) క్రోమాటిసిటీ దిద్దిన లాటిస్ చూసి ధైర్యపడకండి. ఆ దిద్దుబాటు డెల్టా మొదటి ఘాతానికే. డెల్టా 0.1 దాటాక అవే సెక్స్‌టుపోల్‌లు డిస్పర్షన్ ఎక్కువున్న చోట పక్కకు జరిగిన కణాలను చెదరగొట్టవచ్చు.

ముక్కల సంఖ్య

కేక్వాడ్, సీఎస్‌బెండ్ వంటివి ఎలిమెంట్‌ను ముక్కలుగా కోసి, ఒక్కో ముక్క దగ్గర తోపు ఇస్తాయి. నాలుగో ఆర్డర్ ఇంటిగ్రేటర్‌లో ముక్కలు రెట్టింపు చేస్తే తప్పు పదహారో వంతుకు తగ్గాలి. తగ్గకపోతే తప్పు ముక్కల్లో లేదు, వేరే చోట వెతకాలి.

ఈ పరీక్షను రిఫరెన్స్ కణంతో చేయడం అలవాటుగా జరిగే పొరపాటు. ముక్క ఒక్కింటికి ఫేజ్ ఎక్కువ పడేది తక్కువ శక్తి కణానికే. డెల్టా −0.5 కణానికి క్వాడ్రుపోల్ రెండు రెట్లు బలంగా కనిపిస్తుంది. అందుకే బీమ్‌లోకెల్లా తక్కువ ద్రవ్యవేగమున్న కణాన్ని, పైపు అంచుకు దగ్గరగా పెట్టి పంపండి. ముక్కలు రెట్టింపు చేసినప్పుడు దాని చివరి స్థానం బీమ్ పరిమాణంలో ఒక శాతం కన్నా తక్కువ కదిలితే చాలు. రిఫరెన్స్ కణానికి నాలుగు ముక్కలు సరిపోయిన చోట ఈ కణం పదహారో ముప్పై రెండో అడగవచ్చు.

రిఫరెన్స్ ద్రవ్యవేగం ఎక్కడ పెట్టాలి

50 నుంచి 250 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్/సీ దాకా పరుచుకున్న బీమ్‌కు రిఫరెన్స్‌ను 100 దగ్గర పెడితే డెల్టా −0.5 నుంచి +1.5 దాకా పోతుంది. 1/(1+డెల్టా) శ్రేణి డెల్టా 1 దాటితే కలవదు, ఎన్ని ఆర్డర్లు పెంచినా లాభం లేదు. 150 దగ్గర పెడితే అంచులు రెండువైపులా 0.667. విస్తరణ వాడే ప్రోగ్రాములన్నిటికీ నడిమధ్య స్థానమే మేలు. కార్నెల్‌లో కట్టిన సీబీటా యంత్రం ఒకే ఆర్క్‌లో 42, 78, 114, 150 మెగా ఎలక్ట్రాన్ వోల్టుల బీమ్‌లను మోసింది. మధ్య విలువ 96ను రిఫరెన్స్‌గా తీసుకున్నా కొసల దగ్గర డెల్టా 0.56. అలాంటి లాటిస్‌కు ఏ ఆర్డర్ మాట్రిక్స్ అయినా మొదటి అంచనాకు తప్ప పనికిరాదు.

రిఫరెన్స్ మార్చాక అయస్కాంతాలు మారకూడదు. ప్రోగ్రాములు క్వాడ్రుపోల్ బలాన్ని దృఢత్వంతో (కణాన్ని వంచడం ఎంత కష్టమో చెప్పే విలువతో) భాగించిన రూపంలో అడుగుతాయి. టెస్లా మీటర్లలో దృఢత్వం 3.3356 × గిగా ఎలక్ట్రాన్ వోల్ట్/సీలో ద్రవ్యవేగం. గ్రేడియంట్‌ను టెస్లా/మీటరులో ఒక చోట రాసిపెట్టుకుని, ప్రతిసారీ దాన్నుంచే బలం లెక్కగట్టండి. డైపోల్ ఇంకా మొండిది. వంపు కోణం రిఫరెన్స్ పథాన్ని నిర్ణయిస్తుంది, క్షేత్రం కణం పథాన్ని నిర్ణయిస్తుంది. కోణాన్ని అలాగే ఉంచి, క్షేత్రంలో తేడాను ఎలిగెంట్‌లో ఎఫ్‌ఎస్‌ఈ (బలంలో భిన్న దోషం) ద్వారా, పీటీసీలో కే0 (డైపోల్ బలం) ద్వారా ఇవ్వాలి.

ఎలిగెంట్‌లో ఆల్వేస్ చేంజ్ పీ0 అనే ఆప్షన్ సగటు ద్రవ్యవేగం మారినప్పుడల్లా రిఫరెన్స్‌ను దానికి జరుపుతుంది. లినాక్‌లో ఇది ఎంతో సౌకర్యం. పెద్ద వ్యాప్తి బీమ్‌లో మాత్రం ప్రమాదం: తక్కువ శక్తి కణాలు గోడకు తగిలి పోగానే సగటు పైకి జరుగుతుంది, రిఫరెన్స్ వెంట జరుగుతుంది, సాధారణీకరించిన బలం మారదు కాబట్టి తర్వాతి క్వాడ్రుపోల్ గ్రేడియంట్ దానంతటదే పెరిగినట్టవుతుంది. యంత్రంలో అలా జరగదు. త్వరణం లేని లైన్‌లో దీన్ని ఆపేయండి.

బీమ్ ఫైల్ తయారీ

డెల్టాలో సిగ్మా 0.3 పెట్టి గాసియన్ అడిగితే, 3.33 సిగ్మాల అవతల ద్రవ్యవేగం సున్నా కన్నా తక్కువ అవుతుంది. లక్ష కణాల్లో అలాంటివి సుమారు 43. ఒక్కటి చాలు, అర్థంలేని సంఖ్య పుట్టి సగటులన్నీ చెడిపోవడానికి. గాసియన్‌ను రెండు రెండున్నర సిగ్మాల దగ్గర కత్తిరించండి. అసలు ఆకారం తెలిస్తే గాసియన్ వద్దే వద్దు, కొలిచిన స్పెక్ట్రమ్ నుంచే కణాలను ఏరండి. వ్యాప్తి బంచ్ పొడవు వెంట వాలుగా ఉందా, ప్రతి ముక్కలోనూ కలగలిసి ఉందా అన్నది కూడా ముందే తేల్చుకోండి. మొదటిది చర్ప్, ఎలిగెంట్‌లో దానికి వేరే గడి ఉంది. రెంటికీ ఆర్‌ఎంఎస్ ఒకటే అయినా కంప్రెసర్‌లోకి పంపాక ఫలితాలు ఒకదానికొకటి పోలిక లేకుండా వస్తాయి.

ప్లాస్మా సిమ్యులేషన్ నుంచి బీమ్ తెచ్చుకునేటప్పుడు మూడు మార్పులు తప్పనిసరి. అక్కడి కణాలు ఒకే సమయంలో తీసిన ఫోటో, ట్రాకింగ్ ప్రోగ్రామ్ అడిగేది ఒకే తలాన్ని దాటిన కణాలు. ప్రతి కణాన్నీ దాని సొంత వేగంతో, సొంత దిశలో ఆ తలం దాకా జరిపి, దాటిన సమయాన్ని రాసుకోవాలి. రెండోది, అక్కడి మాక్రో కణాలకు వేర్వేరు బరువులుంటాయి. చాలా ట్రాకింగ్ ప్రోగ్రాములు అన్నిటి చార్జ్ సమానమనుకుంటాయి. బరువుకు అనుపాతమైన సంభావ్యతతో మళ్లీ ఏరుకోకపోతే బీమ్ చుట్టూ పలచగా ఉండే తేలికపాటి హేలో కణాలు మొత్తం ఎమిటెన్స్‌ను (స్థానం, కోణాల్లో బీమ్ పరుచుకునే వైశాల్యాన్ని) ఆక్రమిస్తాయి. మూడోది యూనిట్. ఎలిగెంట్ ఫైల్‌లో ద్రవ్యవేగం బీటా × గామా రూపంలో ఉండాలి (గామా అంటే మొత్తం శక్తి/నిశ్చల శక్తి).

కణాల సంఖ్య విషయంలో, ఆర్‌ఎంఎస్ పరిమాణానికి గణాంక దోషం సుమారు 1/√(2ఎన్). పదివేలకు 0.7 శాతం. తోకలో ఎన్ని కణాలు పోతున్నాయో తెలియాలంటే లక్షకు తగ్గవద్దు.

కాలం, ఆర్‌ఎఫ్

తక్కువ శక్తి ఎలక్ట్రాన్లకు వేగం తేడా కూడా లెక్కలోకి వస్తుంది. 5 మెగా ఎలక్ట్రాన్ వోల్ట్/సీ రిఫరెన్స్‌తో ఒక మీటరు డ్రిఫ్ట్ తీసుకోండి. డెల్టా −0.5 కణం కాంతి దూరంలో చెప్పాలంటే 15.5 మిల్లీమీటర్లు వెనకబడుతుంది, +0.5 కణం 2.9 మిల్లీమీటర్లు ముందుకొస్తుంది. లీనియర్ మాట్రిక్స్ రెంటికీ 5.2 అంటుంది. 1.3 గిగాహెర్ట్జ్ ఆర్‌ఎఫ్ కావిటీ (రేడియో తరంగాలతో కణాలకు శక్తినిచ్చే గది) ముందు ఆ వెనకబాటు 24 డిగ్రీల ఫేజ్. లీనియర్ లెక్క 8 దగ్గరే ఆగుతుంది. కావిటీలో కణం మోసుకొచ్చే శక్తి మారిపోతుంది కాబట్టి ఈ తప్పును తర్వాత సరిదిద్దే దారి లేదు.

ఎలిగెంట్ ఐదో కోఆర్డినేట్ సమయం కాదు, నడిచిన దూరం. సమయం కావాలంటే ప్రతి కణం సొంత వేగంతో భాగించాలి. అందుకే తక్కువ శక్తి దగ్గర బంచ్ పొడవును ఆ కోఆర్డినేట్ వ్యాప్తి నుంచి చదివితే డ్రిఫ్ట్‌లో బంచ్ సాగనే సాగనట్టు కనిపిస్తుంది. వాచ్ పాయింట్ ఫైల్‌లోని సమయం కాలమ్‌ను చూడండి.

ఎమిటెన్స్ దగ్గర జాగ్రత్త

డ్రిఫ్ట్‌లో సాధారణీకరించిన ఎమిటెన్స్ పెరగదన్న నమ్మకం శక్తి వ్యాప్తి చిన్నదైనప్పుడే చెల్లుతుంది. వ్యాప్తి సిగ్మా-ఈ అయితే ఆ ఎమిటెన్స్ వర్గంలో గామా² × సిగ్మా-ఈ² × పరిమాణం² × వాలు వ్యాప్తి² అనే పదం కలుస్తుంది. గామా 1000, మూలం దగ్గర పరిమాణం 1 మైక్రాన్, వాలు 1 మిల్లీరేడియన్, వ్యాప్తి 1 శాతం తీసుకోండి. మొదట్లో ఎమిటెన్స్ 1 మైక్రాన్. ఒక మీటరు ఖాళీ ప్రయాణం తర్వాత పరిమాణం 1 మిల్లీమీటరు, ఆ కొత్త పదం ఒక్కటే 10 మైక్రాన్లు. వాలులతో లెక్కగట్టిన జ్యామితీయ ఎమిటెన్స్ మాత్రం కదలదు.

రెండు సంఖ్యలూ నిజమే, వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. అందుకే ప్రోగ్రామ్ ముద్రించిన ఒక్క సంఖ్యను నివేదికలో పెట్టకండి. కణాల ఫైల్ నుంచి మీరే మూడు విలువలు లెక్కగట్టండి: వాలులతో, పీఎక్స్‌తో, చివరగా డెల్టాను 1 శాతం వెడల్పు పెట్టెలుగా చేసి ఒక్కో పెట్టెకు విడిగా. మూడోదే ఆప్టిక్స్ ఏం చేస్తోందో నిజంగా చూపిస్తుంది. డిస్పర్షన్ తీసేసి ఇచ్చే ఎమిటెన్స్ కూడా సరళరేఖ డిస్పర్షన్‌నే తీస్తుంది. పైన డైపోల్ పరీక్షలో చూసినట్టు అది వంపు తిరిగి ఉన్నప్పుడు మిగిలిన వంపు ఎమిటెన్స్‌గా కనిపిస్తుంది.

అపెర్చర్లు, పోయిన కణాలు

డిస్పర్షన్ 0.5 మీటర్లున్న చోట డెల్టా 0.2 కణం అక్షానికి 10 సెంటీమీటర్ల దూరంలో ఉంటుంది. పైపు వ్యాసార్ధం 2 సెంటీమీటర్లయితే అది ఎప్పుడో గోడకు తగిలి ఉండాలి. అపెర్చర్ (కణం పోగల సందు కొలత) రాయకపోతే ప్రోగ్రామ్ దాన్ని ఇనుములోంచి తీసుకుపోయి, అక్కడ కూడా క్వాడ్రుపోల్ క్షేత్రం సరళంగా పెరుగుతూనే ఉందనుకుంటుంది. ప్రతి అయస్కాంతం లోపలా, ముందూ, వెనకా నిజమైన కొలతతో అపెర్చర్ పెట్టండి. మొదటి పరుగులోనే పెట్టండి, చివర్లో కాదు. పోయిన కణాల ఫైల్‌ను డెల్టాకు ఎదురుగా గీస్తే ఏ అయస్కాంతం ఏ శక్తిని కోస్తోందో ఒక్క చూపులో తెలుస్తుంది.

దారితప్పి వెనకబడిన కణాలు కలెక్టివ్ లెక్కలనూ (కణాలు ఒకదానిమీద ఒకటి చూపే ప్రభావాల లెక్కలనూ) పాడుచేస్తాయి. స్పేస్ చార్జ్ (కణాల పరస్పర వికర్షణ), వేక్ (గోడల వెంట బీమ్ వదిలే క్షేత్రం), సీఎస్‌ఆర్ (వంపులో బంచ్ వెదజల్లే పొందికైన వికిరణం) లెక్కల్లో పెట్టెల వెడల్పును బీమ్ మొత్తం పొడవే నిర్ణయిస్తుంది. నాలుగు కణాలు ఎంతో వెనక పడి ఉంటే బీమ్ అసలు గుండె అంతా రెండు మూడు పెట్టెల్లో ఇరుక్కుంటుంది. వాటిని ముందుగా కత్తిరించండి, లేదా పెట్టెల సంఖ్య పెంచండి. తక్కువ శక్తి దగ్గర స్పేస్ చార్జ్‌కు ఇంకో లోపం ఉంది: బీమ్ అంతా నిశ్చలంగా కనిపించే ఒక్క ఫ్రేమ్ ఉండదు. ఓపల్ ప్రోగ్రామ్‌లో లాగా కణాలను శక్తి పెట్టెలుగా విడదీసి, ఒక్కో పెట్టెకు సొంత ఫ్రేమ్‌లో క్షేత్రం లెక్కగట్టే పద్ధతి కావాలి.

పథం పొడవును స్వతంత్ర చలరాశిగా తీసుకున్న ఏ ప్రోగ్రామూ వెనక్కి తిరిగే కణాన్ని మోయలేదు. ఆర్‌ఎఫ్ గన్‌లో వెనక్కి పోయే ఎలక్ట్రాన్లు, డైపోల్‌లో చుట్టుకుపోయే తోక, టార్గెట్ నుంచి 45 డిగ్రీల్లో వచ్చే కణాలు లెక్కలోకి రావాలంటే సమయం మీద నడిచే ఆస్ట్రా, జీపీటీ, ఓపల్ వంటివి, లేదా క్షేత్ర పటంలో అడుగడుగునా పథం గీసే జ్గౌబీ, జీ4బీమ్‌లైన్, బీడీసిమ్ వంటివి తీసుకోవాలి. వాటికీ అదే డైపోల్ పరీక్ష పెట్టండి. అడుగు పొడవును సగం చేసినప్పుడు 0.1832 నాలుగో అంకె దాకా కదలకుండా ఉండాలి. క్షేత్ర పటం గ్రిడ్ తక్కువ శక్తి కణం వెళ్లే చోటు దాకా విస్తరించి ఉందో లేదో కూడా చూసుకోండి. పటం అంచు దాటగానే చాలా ప్రోగ్రాములు క్షేత్రాన్ని సున్నాగా తీసుకుంటాయి, ఆ కణం అక్కడి నుంచి నేరుగా పోతుంది.